‘చై’ అని రాసి ఉంటే ఆగండి

అమ్మా నాన్నా మొదటిసారి డాలస్ వచ్చినప్పుడు, ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఒక చైనీస్ రెస్టారెంటుకి తీసుకెళ్ళాను. మెనూలో ‘వెజిటబుల్స్’ అన్న శీర్షిక కింద బీన్స్ వేపుడు కనబడితే అదే చెప్పాను. పొగలు కక్కుతూ వచ్చింది. నాన్న రెండు ముద్దలు తిన్నాక చెంచాతో బీన్స్ పక్కకి జరిపి, అడుగున ఉన్న గోధుమరంగు పలుకులు చూపించి, “ఇవేంట్రా?” అన్నారు. వడ్డిస్తున్న అమ్మాయిని అడిగితే పంది కీమా అంది, మామూలుగానే. నాన్న నన్నొక్క మాట అనలేదు. లేచి నోరు పుక్కిలించుకుని వచ్చి కూర్చున్నారు. ఆ రాత్రి ఇంట్లో అన్నం ముట్టలేదు.

ఆ అమ్మాయి అబద్ధం ఆడలేదు, మెనూ కూడా అబద్ధం ఆడలేదు. చైనా వంటలో ‘కూరగాయలు’ అన్న శీర్షిక కింద ఒక వంటకం ఉందంటే, అందులో ప్రధానమైనది కూరగాయ అని అర్థం. రుచి కోసం కాస్త కీమా, కాస్త ఎండురొయ్య, కోడి ఎముకలు ఉడికించిన నీళ్ళు పడితే అది కూరగాయ కాకుండా పోదు. టోఫూ సంగతీ అంతే. మనం దాన్ని మాంసం తినని వాళ్ళ కోసం పుట్టిన పదార్థం అనుకుంటాం. అక్కడ అది అన్నిటితోనూ కలిసిపోయేది. మాపో టోఫూ అనే సిచువాన్ వంటకంలో కీమా ఉండటమే సంప్రదాయం.

మిగతా దేశాల వంటల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. థాయ్ కూరల్లో చేపల సాస్ పడుతుంది. అది వద్దన్నా, నూరిన ముద్దలోనే రొయ్యల పేస్టు కలిసి ఉంటుంది. జపాన్ మిసో సూప్‌కి మామూలుగా వాడే దాషి నీళ్ళు ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాస్తారు. కొరియా కిమ్చీ చూడటానికి మన ఆవకాయకి చెల్లెల్లా ఉంటుంది గానీ, చాలా ఇళ్ళలో అందులో ఉప్పు రొయ్యలు వేస్తారు. చైనీస్ వంటగదిలో ఆకుకూర మీద కూడా ఆయిస్టర్ సాస్ పోస్తారు. అందుకే “నో మీట్” అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. చాలామంది వంటవాళ్ళ దృష్టిలో మీట్ అంటే గొడ్డు, పంది, కోడి. చేప వేరు, రొయ్య వేరు, సాస్ అసలు లెక్కలోకే రాదు.

నేను చాలా ఏళ్ళు ఈ జాబితా జేబులో పెట్టుకుని తిరిగాను. వెళ్ళిన ప్రతిచోటా ఇది వద్దు, అది వద్దు అని చెప్పడం, వాళ్ళు తలూపడం, తింటున్నంతసేపూ అనుమానం. తర్వాత తెలిసింది, అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని. ఈ వంటకంలో ఏముంది అని కాదు, ఈ వంటగది ఏ నియమం మీద నడుస్తోంది అని. అది శాకాహార నియమం మీద నడిచే వంటగది అయితే మాంసం ఆ గుమ్మమే తొక్కదు.

ఆ నియమం బౌద్ధం నుంచి వచ్చింది. అయితే ఇక్కడ ఒక పొరపాటు చేస్తాం. బౌద్ధులు కదా, మాంసం తినరు అనుకుంటాం. థాయ్‌లాండ్, బర్మా, శ్రీలంకల్లో ఉన్న థేరవాదంలో భిక్షువు భిక్షాపాత్రలో పడింది తింటాడు. తన కోసం చంపింది కాకపోతే మాంసమైనా దోషం లేదు. మాంసం పూర్తిగా మానాలన్న నియమం చైనాలో మహాయాన సన్యాసుల దగ్గర గట్టిపడింది. క్రీ.శ. 502 నుంచి 549 వరకు రాజ్యం చేసిన లియాంగ్ వూ చక్రవర్తి తాను మాంసం మానేసి, భిక్షువులు, భిక్షుణులూ మానాలని పట్టుపట్టాడు. ఆ సంప్రదాయమే చైనా, తైవాన్, వియత్నాం ఆలయాల్లో నిలిచింది. అందుకే శాకాహార హోటలు వెతికేటప్పుడు థాయ్ బోర్డు కంటే వియత్నాం బోర్డో, తైవాన్ బోర్డో మనకి ఎక్కువ ఆశ.

ఇప్పుడు అసలు మాట. వియత్నాం భాషలో ఈ నియమం పాటించే భోజనాన్ని ‘చై’ అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో సీ, హెచ్, ఏ, వై అని రాస్తారు. మన టీకి దీనితో సంబంధం లేదు. ఫోన్‌లో ‘వెజిటేరియన్’ అని వెతికితే సలాడ్లు, బర్గర్లు వస్తాయి. ఈ నాలుగక్షరాలు కొట్టి మీ ఊరి పేరు చేర్చండి. ఇంగ్లీషులో పెద్దగా ప్రచారం చేసుకోని చిన్న హోటళ్ళు అప్పుడు బయటపడతాయి. అయితే మామూలు ఫో (వియత్నాం సేమ్యా సూప్) దుకాణంలో ఒక్క వంటకం పక్కన చై అని ఉండటం వేరు, దుకాణం పేరులోనే ఆ మాట ఉండటం వేరు. మొదటిచోట ఇంకా అడగాలి. చైనీస్‌లో ఆ మాట ‘సు’. బోర్డు మీద దాన్ని పోల్చుకోవచ్చు: మూడు అడ్డగీతలు, వాటిని గుచ్చుతూ ఒక నిలువుగీత, కింద దారపు ముడిలాంటి రూపం. ఆ ముడి నిజంగానే పట్టుదారం. రంగు వేయని తెల్ల పట్టు అన్నది ఆ మాటకి పాత అర్థం. తైవాన్ వాళ్ళయితే బోర్డు మీద, పొట్లాల మీద స్వస్తిక్ కూడా వేస్తారు. మా అమ్మ మొదటిసారి దాన్ని చూసి మనవాళ్ళ దుకాణమేమో అనుకుంది.

గుడ్డు సంగతి మాత్రం విడిగా అడగాల్సిందే. మనకి శాకాహారం అంటే గుడ్డు లేనట్టే, వాళ్ళకి అలా కాదు. తైవాన్ 2009 నుంచి శాకాహార పొట్లాల మీద పాలున్నవి, గుడ్డున్నవి, రెండూ ఉన్నవి, ఏదీ లేనివి అని విడదీసి రాయిస్తోంది. ఐదో రకం ఒకటుంది: పంచ ఘాటుకూరలు ఉన్నవి. ఉల్లి, వెల్లుల్లి, వాటి జాతికి చెందిన కాడలు ధ్యానానికి అడ్డం అని ఆ సన్యాసులు మానేశారు. మడి వంటల్లో ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధమైన మనకి ఇదేం వింత కాదు. వింతేమిటంటే, వాళ్ళ నిషేధాల పట్టికలో ఐదోది ఇంగువ! ఉల్లి లేని లోటు తీర్చడానికి మనం ఏది వేస్తామో, దాన్నే వాళ్ళు ఉల్లితో కలిపి పక్కన పెట్టారు. ఆ వంట మొదట మనకి చప్పగా అనిపించడానికి ఇదొక కారణం. రెండు మూడుసార్లు తింటే పుట్టగొడుగుల రసం, అల్లం, నువ్వుల నూనె, తెల్ల మిరియం నాలుకకి తెలుస్తాయి.

పెద్దవాళ్ళకి వచ్చే అసలు ఇబ్బంది మెనూలో పేర్లతో. చికెన్, డక్, ఫిష్ అని రాసి ఉంటుంది. డాలస్ పక్కన గార్లాండ్‌లో ఒక చై హోటల్లో అమ్మ ముందు ‘చేప’ పెట్టినప్పుడు ఆమె చెయ్యి కంచం దాకా వెళ్ళి ఆగిపోయింది. పైన నల్లటి తోలు, కింద పొరలు పొరలుగా తెల్లటి కండ. నేను తోలు ఒలిచి చూపించాను: అది సముద్రపు నాచు కాగితం. లోపలిది సోయాపాలు కాచినప్పుడు పైన కట్టే మీగడ తెట్టు; పొరలు పొరలుగా తీసి మడిచింది. కోడి అన్నది ఎక్కువగా గోధుమ. పిండి ముద్దని నీళ్ళలో పిసికి పిసికి, పాలన్నీ పోనిస్తే చివరికి రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. దాన్నే ఉడికించి, వేయించి మాంసంలా చేస్తారు. ఇది విని అమ్మ అడిగింది, “అంటే మాడుగుల హల్వాకి గోధుమపాలు తీసుకుని, మిగిలింది పారేస్తారే, అదా?” అని. అదే. మనం పాలు ఉంచుకుని ముద్ద పారేశాం, వాళ్ళు ముద్ద ఉంచుకున్నారు. ఆ మాటతో అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నాన్న ఇప్పటికీ చేప పేరున్నది ముట్టరు. నేనూ బలవంతపెట్టను, పేరే రోత పుట్టిస్తే ముద్ద దిగదు. ఆయనకి ‘బుద్ధాస్ డిలైట్’ చెబుతాను. అందులో పుట్టగొడుగులు, క్యాబేజీ, గాజులా మెరిసే పెసర సేమ్యా ఉంటాయి. చైనీస్‌లో దాని పేరు లోహాన్ జాయ్. ఆ లోహాన్ మన బౌద్ధంలోని ‘అర్హతుడే’. ఒక్క జాగ్రత్త: చై వంటగదిలో చేసిందైతేనే, మామూలు రెస్టారెంటులో అయితే ఆయిస్టర్ సాస్ సంగతి మళ్ళీ అడగాలి. గోధుమ పడని వాళ్ళు పైన చెప్పిన ‘కోడి’ జోలికి వెళ్ళకూడదు. కొన్ని నకిలీ మాంసాల్లో ముద్ద కట్టడానికి గుడ్డు తెల్లసొన కలుపుతారు, అదీ అడగండి.

ఈ హోటళ్ళన్నీ ఊరి నడిమధ్య కాకుండా శివార్లలో ఎందుకున్నాయి? 1965లో అమెరికా వలస చట్టం మారాక వచ్చిన ఆసియా వాళ్ళు, 1975లో సైగాన్ పడిపోయాక వచ్చిన వియత్నాం శరణార్థులు చాలామంది పాత చైనాటౌన్లకి వెళ్ళకుండా అద్దెలు తక్కువున్న శివార్లలో స్థిరపడ్డారు. లాస్ ఏంజిలస్ పక్కన మాంటెరీ పార్క్, వెస్ట్‌మినిస్టర్ అలా మారినవే. మా వైపు రిచర్డ్‌సన్‌లో చైనీస్ దుకాణాలు, గార్లాండ్‌లో వియత్నాం దుకాణాలు, కారల్టన్‌లో కొరియా దుకాణాలు గుంపులుగా ఉంటాయి. పన్నుల ఆఫీసుకీ గోళ్ళ సెలూన్‌కీ మధ్య ఇరుకు గదిలో ఉన్న హోటలు బయటినుంచి ఏమీ ఆశ పుట్టించదు. గాజు తలుపుకి అంటించిన కాగితాలు చదవండి. దగ్గర్లోని ఆలయం ఉత్సవపు ప్రకటన అక్కడుంటే మంచి గుర్తు.

ఆలయాలే ఇంకో దారి. కాలిఫోర్నియా హసియెండా హైట్స్‌లో 1988లో పూర్తయిన షీ లాయ్ ఆలయం భోజనశాలలో వచ్చిన వాళ్ళకి శాకాహార భోజనం పెడతారు. మా డాలస్ వైపు, మన తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్న ఇర్వింగ్‌లోనూ వియత్నాం బౌద్ధాలయం ఉంది. ఏ హోటలు నమ్మదగ్గదో అక్కడికొచ్చే పెద్దావిడలని అడిగితే, రేటింగుల కంటే మేలైన జవాబు వస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలో మన పంచాంగమే చెబుతుంది. వియత్నాం చాంద్రమానంలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ చై తినే రోజులు. అవి మన అమావాస్య, పున్నమిలకి ఒక రోజు అటూ ఇటూగా పడతాయి. మామూలుగా మాంసం తినే కుటుంబాలు కూడా ఆ రోజు మానేస్తాయి. మామూలు రోజుల్లో దొరకని వంటకాలు ఆ రోజు వండుతారు. వాళ్ళ ఏడో నెల పున్నమికి పితృదేవతలని, తల్లిదండ్రులని తలుచుకుంటారు. అధికమాసం తేడా రాని ఏడాది అది మన శ్రావణ పౌర్ణమి దగ్గరే.

మొన్న శ్రావణ పౌర్ణమికి గార్లాండ్ వెళ్ళేసరికి బయటే పాతికమంది నిలబడి ఉన్నారు. ముప్పావుగంట ఆగాం. నాన్న మెనూ అడగలేదు, ఏమేం పడ్డాయని కూడా అడగలేదు. పక్క బల్ల మీద ఒక ముసలాయన నిమ్మగడ్డి వాసన వేస్తున్న సేమ్యా గిన్నె ముందు పెట్టుకుని తింటుంటే అటు చూపించి, “నాకూ అదే చెప్పు” అన్నారు.