రోడ్డు ఢిల్లీది, కాలువ ఎవరిది?

◆ ఆంధ్ర సరిహద్దులోని తిరువూరు నడిబొడ్డున పోయే రోడ్డు 30వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు అది 221. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర ఒక కొస, ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో మరో కొస. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 23వ అంశం జాతీయ రహదారులు. అంటే ఈ తారురోడ్డు ఢిల్లీది. దాని మీద బండి ఆపి కాగితాలు చూపమనే పోలీసు మాత్రం రాష్ట్రం మనిషి. రోడ్డు దిగితే మామిడితోట, అదీ రాష్ట్రం పరిధే, ఎందుకంటే భూమి రాష్ట్ర జాబితాలో ఉంది. ఊళ్లో పోస్టాఫీసు కేంద్రానిది. బడి మాత్రం ఇద్దరిదీ. 1976 దాకా చదువు రాష్ట్రాల సొంత వ్యవహారం. ఎమర్జెన్సీ రోజుల్లో చేసిన 42వ సవరణ దాన్ని, అడవులతో సహా, ఉమ్మడి జాబితాలోకి లాక్కుంది. పోయిన ఆ హక్కు రాష్ట్రాలకు ఇప్పటికీ తిరిగి రాలేదు.

◆ ఇదే రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్లండి. తిరువూరు దాటిన కాసేపటికే తెలంగాణ. పెనుబల్లి, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం. భద్రాచలం పట్టణం దాటారో లేదో ఎటపాక దగ్గర మళ్లీ ఆంధ్రప్రదేశ్! చింతూరు దాటాక ఛత్తీస్‌గఢ్. పోలవరం ముంపు ప్రాంతాలన్నీ ఒకే రాష్ట్రంలో ఉండాలని ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు మార్చింది. కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా. తెలంగాణ పుట్టడానికి కొద్దిరోజుల ముందు, 2014 మే చివర్లో ఆర్డినెన్సు వచ్చింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. రాముడి గుడి తెలంగాణలో ఉండిపోయింది, గుడి మాన్యంలో పెద్ద భాగం ఉన్న పురుషోత్తపట్నం ఆంధ్రలోకి వచ్చింది.

◆ రాష్ట్రాన్ని అడక్కుండా హద్దులు మార్చొచ్చా? అడగాలి, కానీ జవాబు వినాల్సిన పనిలేదు. మూడో అధికరణం చెప్పేది అదే. రాష్ట్రపతి బిల్లును శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి, అంతవరకే. 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. అమెరికాలో ఒక రాష్ట్రం గడ్డ మీద కొత్త రాష్ట్రం ఏర్పడాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుని తీరాలని అక్కడి రాజ్యాంగమే కట్టడి చేసింది. తెలంగాణ ప్రజల ఆకాంక్ష న్యాయమైనదే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ ఒక సభను అడిగి, దాని మాటకు విలువే లేదనే పద్ధతి రేపు ఏ రాష్ట్రానికైనా ఎదురుకావచ్చు.

◆ తిరువూరు రైతుకు అన్నింటికంటే ముఖ్యమైనది నీళ్లు. ఇక్కడి భూముల్లో కొంత నాగార్జునసాగర్ ఎడమ కాలువ మూడో జోన్ కింద ఉంది. నల్గొండ, ఖమ్మం ప్రాంతాల పొలాలన్నీ తడిపాక, చిట్టచివర ఇక్కడికి రావాలి. 2014కు ముందు ఇది ఒకే ప్రభుత్వం మాట వినే కాలువ. ఇప్పుడు ఎగువ భాగం ఒక రాష్ట్రంలో, చివరి భూములు మరో రాష్ట్రంలో. రాజ్యాంగం కూడా ఇక్కడ రెండు చోట్ల మాట్లాడుతుంది. నీళ్లు, కాలువలు రాష్ట్ర జాబితాలో 17వ అంశం, కానీ కేంద్ర జాబితా 56వ అంశానికి లోబడి. ఆ 56 అంతర్రాష్ట్ర నదులది. విభజన చట్టం 85వ సెక్షన్ కింద పుట్టిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఈ రెండు అంశాల నడుమ నిలబడి పనిచేస్తోంది. 262వ అధికరణం ప్రకారం చేసిన చట్టం నదీజలాల వాటాల పంచాయితీని మామూలు కోర్టుల దాకా రానివ్వదు, ట్రైబ్యునల్‌కే పంపుతుంది. కృష్ణా జలాల్లో బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలను ఆంధ్రకు 512, తెలంగాణకు 299గా 2015లో తాత్కాలికంగా పంచుకున్నారు. ఆ తాత్కాలికమే ఏళ్ల తరబడి నడిచింది.

2023 నవంబరు 29 అర్ధరాత్రి, తెలంగాణలో తెల్లవారితే పోలింగు అనగా, ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ 26 గేట్లలో 13 గేట్లున్న సగాన్ని స్వాధీనం చేసుకున్నారు. చివరకు కేంద్రం కల్పించుకుని సీఆర్పీఎఫ్‌ను దింపింది. రెండు రాష్ట్రాలు తేల్చుకోలేని ప్రతిచోటా కేంద్రానికి కొత్త చోటు దొరుకుతుంది. కాలువ చివరి రైతు మాత్రం ఎటు మొరపెట్టుకోవాలో తెలియక నిలబడాల్సి వస్తుంది.

◆ రాష్ట్రాల హక్కుల కోసం గట్టిగా గొంతు విప్పినవాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద ఒక రాష్ట్ర ప్రభుత్వం వేసిన తొలి కమిటీ తమిళనాడుది, 1969లో. దాని అధ్యక్షుడు పాకాల వెంకట రాజమన్నార్. మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి. ‘తప్పెవరిది’ నాటకం రాసిన తెలుగు రచయిత కూడా ఆయనే.

◆ బొగ్గు భూముల కోసం రాష్ట్రం ఆస్తిని కేంద్రం బలవంతంగా తీసుకోవచ్చా అని పశ్చిమబెంగాల్ సుప్రీంకోర్టుకెక్కితే, 1962 డిసెంబరులో తక్కిన న్యాయమూర్తులంతా తీసుకోవచ్చన్నారు. కూడదని విడిగా తీర్పు రాసింది ఒక్క రాజమండ్రి కోకా సుబ్బారావే. తిరువూరుకు దగ్గర్లోని సత్తుపల్లిలో బొగ్గు తవ్వే సింగరేణి మాత్రం ఇద్దరి ఉమ్మడి సంస్థ. 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది.

◆ తిరువూరు ఉన్న జిల్లాకు 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ పేరు పెట్టారు. కేంద్రం మిథ్య అన్న నాయకుడాయన. 1983 మే 28న విజయవాడలో ప్రతిపక్ష నాయకులెందరినో ఒకచోట కూర్చోబెట్టారు. ఏడాది తిరిగాక 1984 ఆగస్టు 16న, సభలో బలం నిరూపించుకోనివ్వకుండానే గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ను ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పించారు. ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టారాయన. జనం వీధుల్లోకొచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. బలం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పింది 1994లో. తెలుగు జనం ఆ మాట పదేళ్ల ముందే చెప్పారు.

◆ ఇక డబ్బు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చేది ఆర్థిక సంఘం. ఆరో సంఘానికి కాసు బ్రహ్మానందరెడ్డి, 14వ సంఘానికి కడప జిల్లా వై.వి.రెడ్డి అధ్యక్షులు. వాటాను 32 శాతం నుంచి ఒక్కసారిగా 42కు పెంచిన ఘనత 14వ సంఘానిది. 15వ సంఘం దాన్ని 41 చేసింది, అందులో ఆంధ్రప్రదేశ్ పాలు 4.047 శాతం. లెక్క కడితే, 2026 మార్చి దాకా పంచాల్సిన ప్రతి వంద రూపాయల్లో మనకొచ్చింది రూపాయి 66 పైసలు. సెస్సులు, సర్‌చార్జీలు అసలు ఈ పంపకంలోకే రావు. పెట్రోలు కొట్టించుకున్నప్పుడు కేంద్రానికి కట్టే పన్నులో పెద్ద భాగం ఆ ఖాతాలోదే.

◆ జీఎస్టీ మండలిలో కేంద్రం ఓటు బరువు మూడో వంతు. రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఒక్కమాట మీదున్నా, కేంద్రం వద్దంటే పని జరగదు.

◆ తిరువూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. దాని హద్దులు గీసేది రాష్ట్రం కాదు, పార్లమెంటు చట్టంతో ఏర్పడే డీలిమిటేషన్ కమిషన్. విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్ర శాసనసభ సీట్లను 175 నుంచి 225కు, తెలంగాణవి 119 నుంచి 153కు పెంచాలంది. రాజ్యాంగం 170వ అధికరణం ప్రకారం 2026 తర్వాతి తొలి జనగణన లెక్కలు వచ్చేదాకా అది కుదరదని 2025 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. 2014లో పార్లమెంటు ఆంధ్రకు రాసిచ్చిన ఆ 50 సీట్లు ఇంకా కాగితం మీదే ఉన్నాయి.