సర్టిఫికెట్టు వచ్చింది... కత్తెర పట్టడం రాలేదు!

శిక్షణ ఇచ్చేవారున్నారు, పుచ్చుకునేవారున్నారు. పాఠానికి ప్లాను గీసేవారేరీ?

పిఠాపురం: పట్టణంలోని ఒక కాలనీలో ఓ ఇంటి ముందు గదిలో కుట్టు శిక్షణ సర్టిఫికెట్టు పటం కట్టించి గోడకు తగిలించారు. దాని కిందే కుట్టు మిషను ఉంది. మిషను మీద పాత చీర కప్పి, ఆపైన పిల్లల పుస్తకాలు సర్దారు. ఆ ఇంటి ఇల్లాలు మూడు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా శిక్షణకు వెళ్లారు. అయినా ఇప్పటికీ తన జాకెట్టు గుడ్డను టైలరుకే ఇచ్చి కుట్టించుకుంటున్నారు.

"మిషను తొక్కడం వచ్చిందండి. గుడ్డ కోయాలంటేనే చెయ్యి వణుకుతుంది. తేడా వస్తే గుడ్డ ఎవరిస్తారండి?" అని ఆమె అడుగుతున్నారు.

ఆమె శ్రద్ధ లేని మనిషి కాదు. నేర్పిన టీచరు కూడా పని తెలిసినవారే. మరి లోపం ఎక్కడ జరిగింది? మూడు నెలలూ ఏం జరిగిందో ఆమెనే అడిగితే సంగతి తెలిసింది. కొలతలన్నీ బోర్డు మీద రాశారు, వీళ్లు నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నారు. టీచరు బల్ల మీద గుడ్డ పరిచి కోస్తుంటే అందరూ చుట్టూ నిలబడి చూశారు. వెనక వరుసలో వారికి టీచరు వీపు తప్ప ఏమీ కనిపించలేదు. సొంత చేత్తో కత్తెర పట్టే రోజు రానే లేదు. ముగింపు సభ మాత్రం ఘనంగా జరిగింది.

అటువంటి సభల వార్తలు ఈ విలేకరి కూడా ఎన్నో రాశాడు. ఫలానా చోట శిక్షణ ప్రారంభం, ఇంతమంది హాజరు, ముఖ్య అతిథి ఫలానా వారు. వచ్చినవారికి చివరకు ఏ పని చేతనైందన్నది ఏ వార్తలోనూ రాయలేదు. ఎవరూ అడగలేదు కూడా.

పాఠానికీ ప్లాను కావాలి

ఇల్లు కట్టాలంటే ముందు ప్లాను గీయిస్తాం. తాపీ మేస్త్రీ ఎంత పనిమంతుడైనా ప్లాను లేకుండా పునాది తీయడు. శిక్షణకు కూడా అలా ప్లాను గీసే మనిషి ఒకరుంటారు. ఆయన్ను ఇంగ్లీషులో ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అంటారు. మన మాటల్లో శిక్షణ రూపకర్త అనుకోవచ్చు. తరగతిలో నిలబడి చెప్పేది ఆయనే కావాలని లేదు. ఏది నేర్పాలి, ఏది వదిలేయాలి, ఏది ముందు, ఏది తరువాత, నేర్చుకున్నారో లేదో తేల్చేది ఎలా అన్నవి తేల్చి పెట్టడం ఆయన పని.

ఈ పనికి శాస్త్రంగా రూపం వచ్చింది అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తక్కువ సమయంలో వేలాది మందిని సైన్యానికి తయారు చేయాల్సి వచ్చింది. అప్పుడు వైమానిక దళంలో పనిచేసిన రాబర్ట్ గాన్యే వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు, మనిషి పని నేర్చుకునే తీరును మెట్లు మెట్లుగా విడదీసి చూశారు. 1975లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం వారు అమెరికా సైన్యం కోసం శిక్షణ తయారీకి ఒక పద్ధతి ఏర్పరిచారు. అవసరం తెలుసుకోవడం, ప్లాను గీయడం, పాఠాలు తయారు చేయడం, అమలు జరపడం, ఫలితం చూసి సరిదిద్దడం అన్నవి అందులోని అయిదు మెట్లు. ఇప్పుడు హైదరాబాదులోని సాఫ్ట్‌వేరు కంపెనీలు మొదలు బ్యాంకుల వరకు ఉద్యోగుల శిక్షణకు ఈ మెట్లనే వాడుతున్నాయి. అక్కడ ఇదొక జీతమొచ్చే ఉద్యోగం.

కత్తెర దగ్గర మొదలు పెట్టాలి

మన కుట్టు శిక్షణనే ఇటువంటి రూపకర్త చేతిలో పెడితే ఏం చేస్తారు? ముందుగా ఆయన సిలబస్ అడగరు. శిక్షణ అయిన మర్నాడు ఈ మనిషి ఏం చేయగలగాలి అని అడుగుతారు. పొరుగింటావిడ గుడ్డ తెచ్చిస్తే కొలత తీసుకుని, కోసి, కుట్టి, సరిపోయేలా ఇవ్వగలగాలి. అదీ గురి. అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ వస్తారు.

ఎక్కువమంది ఎక్కడ తప్పుతున్నారో తెలుసుకోవడానికి బజారులో అనుభవం ఉన్న టైలరు పక్కన రెండు రోజులు కూర్చుంటారు. "కుట్టడం నెల రోజుల్లో వచ్చేస్తుందండి. చంక దగ్గర వంపు గీయడంలోనే ఉంటుంది పనంతా" అని పట్టణంలో చాలా ఏళ్లుగా కత్తెర పట్టిన ఒక టైలరు చెబుతున్నారు. అలాగైతే ఎక్కువ రోజులు కేటాయించాల్సింది ఆ వంపుకే. మొదట పాత న్యూస్‌పేపరు మీద గీసి కోయాలి. కాగితం పాడైతే నష్టం లేదు, భయం పోతుంది. తరువాత పాత చీర ముక్క. ఆ తరువాతే కొత్త గుడ్డ. ప్రతి మెట్టు దగ్గరా తప్పు ఎక్కడ పోయిందో అప్పటికప్పుడే చూపించాలి. చివరి పరీక్ష కాగితం మీద జవాబులు రాయడం కాదు, ఒక జాకెట్టు కుట్టి, కొలతలిచ్చిన మనిషికి తొడిగి చూడటం.

ఇందులో కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. అదే టీచరు, అవే మిషన్లు, అవే మూడు నెలలు. మారింది ప్లాను ఒక్కటే.

ఐటీఐలో చదివే మన కుర్రాళ్లకు ఇటువంటి ప్లాను కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వం 1986లో చెన్నైలో నెలకొల్పిన సంస్థ ఒకటుంది. దాన్ని ఇప్పుడు నిమి అంటారు. ఐటీఐ ట్రేడుల పుస్తకాలు తయారు చేయడమే దాని పని. ఆ ప్రాక్టికల్ పుస్తకంలో ఏ పాఠం తీసినా, ఇది పూర్తయ్యేసరికి నువ్వు ఫలానా పని చేయగలగాలి అని మొదటే రాసి ఉంటుంది. కుర్రాళ్లు దాన్ని చదవకుండా పేజీ తిప్పేస్తారు. నిజానికి పాఠమంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంటుంది.

కాకినాడ వర్తకులకు పది రోజుల పాఠం

ఇలా ప్లాను ప్రకారం నేర్పితే పెద్దవాళ్లు నిజంగా మారతారా? దీనికి జవాబు వెతికిన ఒక ప్రయోగం ప్రపంచమంతా పేరు పడింది. అది జరిగింది మన పక్కనున్న కాకినాడ వర్తకులతోనే. ఈ సంగతి మాత్రం ఇక్కడ చాలామంది ఎరగరు.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెక్‌లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్ర ప్రొఫెసరు ఉండేవారు. ఏదైనా సాధించాలన్న పట్టుదల చిన్నప్పుడే రావాలా, పెద్దయ్యాక నేర్పినా వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. దీన్ని తేల్చడానికి హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థతో చేయి కలిపారు. అందరూ దాన్ని సియెట్ అనేవారు. 1964లో కాకినాడ నుంచి వ్యాపారస్తులను, చిన్న పరిశ్రమల వారిని జట్లు జట్లుగా హైదరాబాదు పిలిపించారు. ఒక్కో జట్టుకు శిక్షణ పది రోజులు.

వెళ్లినవారు లెక్కల పద్దుల గురించో, అమ్మకపు పన్ను గురించో చెబుతారనుకుని ఉంటారు. అక్కడ వారి చేతికి రింగులిచ్చారు. తీర్థంలో రింగులాట తెలిసిందే. నేలలో పాతిన మేకుకు రింగు వేయాలి. ఎంత దూరం నుంచి వేయాలన్నది ఎవరిష్టం వారిది. కొందరు మేకు దగ్గరే నిలబడి వేస్తారు, తప్పదు కాని అందులో గొప్ప లేదు. కొందరు చాలా దూరం పోతారు, తగిలితే అదృష్టం. సాధించాలన్న పట్టుదల ఉన్నవారు మాత్రం మధ్యన నిలబడతారు. కష్టపడితే తగులుతుంది, ఏమరితే తప్పుతుంది అన్నంత దూరంలో. అప్పు తెచ్చి వ్యాపారం పెంచేవాడు నిలబడాల్సిన చోటు కూడా అదే. ఈ సంగతిని గంటసేపు ఉపన్యాసంగా చెప్పినా సగం మంది నిద్రపోతారు. రింగు చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఎవరు ఎక్కడ నిలబడ్డారో వారికే తెలిసిపోతుంది.

బొమ్మలు చూపించి కథలు రాయించారు. ఆ కథల్లో మనిషి ఏదైనా సాధించాలని పాటుపడుతున్నాడా, ఊరికే కాలం గడుపుతున్నాడా అని వారి కథలను వారి చేతనే పరిశీలింపజేశారు. చివరకు ప్రతి ఒక్కరూ ఇంటికి వెళ్లాక తమ వ్యాపారంలో చేయబోయేదేమిటో ప్లాను రాసుకున్నారు. తరువాత ఆ ప్లాను ఎంతవరకు వచ్చిందో వాకబు చేశారు.

శిక్షణ పొందినవారిని, పొందని వర్తకులతో పోల్చి చూశారు. పోల్చడానికి రాజమండ్రి వర్తకులను కూడా తీసుకున్నారు. శిక్షణ పొందినవారిలో ఇంచుమించు సగం మంది ఆ తరువాత వ్యాపారంలో చురుకుగా కొత్త పనులకు దిగారని తేలింది. పొందనివారిలో అలాంటివారు నాలుగో వంతు. పాత ఆచారాలు, నమ్మకాలు ఈ చురుకుదనానికి అడ్డు రాలేదని కూడా తేలింది. ఈ ఫలితాలను మెక్‌లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో పుస్తకంగా అచ్చు వేశారు.

పెట్టుబడి, అప్పు, మార్కెట్టు లేకుండా పట్టుదల ఒక్కటే ఏం చేస్తుందన్న విమర్శలు కూడా వచ్చాయి. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా పది రోజుల్లో పెద్దవాళ్ల నడత మారగలదని కాకినాడ చూపించింది. దేశంలో తరువాత నడిచిన ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణలకు ఈ ప్రయోగం దారి వేసింది. ఆనాటి సియెట్ 2007 నుంచి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా హైదరాబాదు యూసఫ్‌గూడలో పని చేస్తోంది.

పొలంబడిలో ప్రశ్నకు ప్రశ్నే జవాబు

వర్తకుల సంగతి అలా ఉంచితే, రైతుకు తెలిసిన ఉదాహరణ పొలంబడి. దీని పుట్టుక ఇండోనేషియాలో. అక్కడ వరికి సుడిదోమ పట్టింది. మన ఏలేరు ఆయకట్టు రైతులకు ఆ దోమ గురించి చెప్పనక్కర్లేదు. చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. మందు కొట్టిన కొద్దీ దోమ పెరగడం అక్కడివారు గమనించారు. దోమను తినే సాలీళ్లు, మిత్ర పురుగులు మందుకు ముందే చచ్చిపోవడం దానికి కారణం. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల మందులను నిషేధించింది. మందు కొట్టవద్దంటే రైతు నమ్మడు కదా! అందుకని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 1989లో అక్కడ పొలంలోనే బడి మొదలుపెట్టారు. తరువాత అది మన రాష్ట్రానికి కూడా వచ్చింది.

ఈ బడి ప్లాను చూడండి. పాతిక మంది రైతులు వారానికి ఒకసారి పైరు పక్కనే కలుస్తారు. అయిదేసి మంది జట్లుగా చేలోకి దిగి మొక్కలు పరిశీలిస్తారు. గట్టుకు వచ్చి చార్టు మీద రంగు పెన్సిళ్లతో మొక్క బొమ్మ వేస్తారు. ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు. ఈ వారం మందు కావాలా వద్దా అన్నది వారే నిర్ణయించి మిగతావారికి చెబుతారు. బడి నాట్లప్పుడు మొదలై కోతలతో ముగుస్తుంది. పంటే పాఠ్యపుస్తకం.

నేర్పేవారికి ఇక్కడ ఒక నియమం ఉంది. రైతు పురుగును పట్టుకొచ్చి "ఇదేంటండీ?" అంటే పేరు చెప్పేయకూడదు. "ఎక్కడ దొరికింది? అక్కడ ఏం చేస్తోంది?" అని తిరిగి అడగాలి. కావాలంటే సాలీడును, దోమలను ఒక సీసాలో వేసి మూతికి పల్చటి గుడ్డ కట్టి మర్నాడు చూడమంటారు. దోమలు తగ్గి సాలీడు మిగిలితే, మందు కొట్టవద్దని ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు.

అయితే పేరు పొలంబడి అయినంత మాత్రాన సరిపోదు. షామియానా కింద కుర్చీలు వేసి, మైకులో చెప్పి, భోజనాలు పెట్టి పంపిస్తే అది మామూలు సభే అవుతుంది. చేలోకి దిగడాన్ని తీసేస్తే మిగిలేది సంతకాల రిజిస్టరు.

ఉప్పాడ మగ్గం దగ్గర

ఏ డిజైనరూ లేకుండానే పెద్దలు పని నేర్పలేదా అని ఎవరైనా అడగవచ్చు. ఇక్కడికి దగ్గరలోని ఉప్పాడ వెళ్లి చూస్తే జవాబు దొరుకుతుంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జామ్‌దానీ చీరను ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుని నేస్తారు. చెయ్యి తిరిగిన నేతగాడి పక్కన కొత్తవారు కూర్చుంటే కంటికి కనిపించింది వెంటనే చేతికి వస్తుంది. పోగు తప్పితే అక్కడికక్కడే విప్పించి మళ్లీ నేయిస్తారు. చూడటం, చేయడం, తప్పు సరిదిద్దుకోవడం ఒకే చోట జరిగిపోతాయి. పెద్దలు వేసిన ప్లాను అదే, కాగితం మీద లేదంతే. నలభై మందిని ఒక హాల్లో కూర్చోబెట్టినప్పుడు ఆ పక్క సీటు పోతుంది. పోయిన ఆ పక్క సీటును మళ్లీ తెచ్చి పెట్టడమే శిక్షణ రూపకర్త పని.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

శిక్షణ ఫలించిందో లేదో చూడటానికి అమెరికాకు చెందిన డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు ప్రశ్నలు చెప్పారు. వచ్చినవారికి నచ్చిందా? ఏమైనా నేర్చుకున్నారా? నేర్చింది ఇంటికి వెళ్లాక వాడుతున్నారా? దాని వల్ల మేలు జరిగిందా? మన సభల్లో మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాం. భోజనం బాగుంటే ఆ ప్రశ్నకు జవాబు కూడా బాగానే వస్తుంది. మూడో ప్రశ్న అడగాలంటే మూడు నెలల తరువాత వాళ్ల ఇంటికి వెళ్లాలి. వెళ్లేదెవరు?

శిక్షణల మీద ఖర్చయ్యేది ప్రజల డబ్బు. అంతకంటే విలువైనది, కూలి మానుకుని, పిల్లలను పక్కింట్లో వదిలి వచ్చినవారి కాలం. శిక్షణ మంజూరు చేసేవారు ఇంతమంది హాజరు కావాలన్న లెక్కతో పాటు, ముగిసేసరికి ఇంతమంది ఫలానా పని సొంతంగా చేసి చూపాలన్న షరతు కూడా పెట్టాల్సిన అవసరం ఎంతైనా ఉంది. చేరేవారు కూడా మొదటి రోజే "చివరికి మాకు ఏం చేతనవుతుందండీ?" అని అడగడం మంచిది. ఈ విలేకరి కూడా ఇకపై ముగింపు సభల్లో అదే అడగదలిచాడు.

కాలనీ ఇల్లాలు ఈ మధ్య మిషను మీది పుస్తకాలు తీసి పక్కన పెట్టారు. పైన చెప్పిన టైలరు ఇచ్చిన సలహా మీద పాత న్యూస్‌పేపర్లు పరిచి చంక వంపు గీయడం మొదలుపెట్టారు. "ఇప్పటికి పది పాడయ్యాయండి. కాగితమే కదా!" అని ఆమె నవ్వుతున్నారు.