ఈ పపైరస్ చుట్ట ఎవరిది?

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్ బజారులో బస్తా మీది పేరూ ఊరూ చూసి, అది ఎవరి సరుకో చెప్పేస్తారు. ఈజిప్టు సమాధుల్లోని పపైరస్ చుట్టల్నీ ఇంచుమించు అలాగే గుర్తుపడతారు. ‘ఒసిరిస్’ అన్న దేవుడి పేరు వెంటనే చనిపోయినవారి పేరుంటుంది, మన ‘కీర్తిశేషులు’ లాగన్నమాట. తర్వాత ఉద్యోగం, ఒక్కోసారి తల్లి పేరు. అమున్ గుడి పూజారి అని ఉంటే థీబ్స్ నగరంవాడేమోనని ఊహిస్తారు.

తమాషా ఏంటంటే, పేరుకు ఖాళీ వదిలి ముందే రాసిపెట్టిన చుట్టలూ ఉండేవి! లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని ‘అని’ అనే వ్యక్తి పపైరస్ దాదాపు 24 మీటర్లుండేది. అందులో కొన్నిచోట్ల యజమాని పేరు వేరే చేతిరాతలో ఉంటుంది. తర్వాత ఇరికించారని అదే పట్టిచ్చింది.

పపైరస్ కాదుగానీ, ఈజిప్టు మమ్మీ మన దగ్గరే ఉంది: నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో. వీలు చూసుకుని వెళ్లి చూడండి.