రాయ్‌పూర్‌లో లెజెండ్స్ క్రికెట్: 'రోడ్డు భద్రత' పేరు పోయినా జనం ఎందుకు తగ్గలేదు?

2021 మార్చి 21 రాత్రి. నవ రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం. శ్రీలంక లెజెండ్స్‌పై 14 పరుగుల తేడాతో గెలిచిన ఇండియా లెజెండ్స్ కెప్టెన్ సచిన్ తెందూల్కర్ కప్పు అందుకున్నారు. టోర్నీ పేరు 'రోడ్ సేఫ్టీ వరల్డ్ సిరీస్'.

నాలుగేళ్ల తర్వాత, 2025 మార్చి 16న అదే మైదానంలో మరో ఫైనల్ జరిగింది. వెస్టిండీస్ మాస్టర్స్‌పై ఇండియా మాస్టర్స్ ఆరు వికెట్ల తేడాతో గెలిచింది. గుంటూరు కుర్రాడిగా మనకు తెలిసిన అంబటి రాయుడు 50 బంతుల్లో 74 పరుగులు చేశారు. కెప్టెన్ మళ్లీ సచినే. టోర్నీకి కమిషనర్‌గా వ్యవహరించింది రెండుసార్లూ సునీల్ గావస్కరే. జనం అప్పుడూ వచ్చారు, ఇప్పుడూ వచ్చారు.

మారింది ఒక్కటే. రెండో టోర్నీ పేరు 'ఇంటర్నేషనల్ మాస్టర్స్ లీగ్'. అందులో రోడ్డు లేదు, భద్రతా లేదు. ఇది మొదటిదానికి కొనసాగింపు కాదు, వేరే టోర్నీ. కాబట్టి మాట తప్పారని ఎవరినీ అనడానికి లేదు. కానీ పేరులో సామాజిక ప్రయోజనం ఉన్నా లేకపోయినా మైదానం దగ్గర సందడిలో తేడా లేదంటే, తారలు తెచ్చే ప్రచారం అసలు ఎవరి ఖాతాలో పడుతోంది?

స్టేషన్ వెనక బస్తీ, పొలాల్లో స్టేడియం

రాయ్‌పూర్ రైల్వే స్టేషన్‌కు ఆనుకుని ఉన్న పాత బస్తీ గుఢియారీ. టోకు కిరాణా దుకాణాలు, సరకు దించే లారీలు, వాటి మధ్యే దారి వెతుక్కునే బైకులు. రైల్వే పనుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్న ఊరిది. స్టేడియం ఉన్నది ఊరికి మరో చివర, ఇరవై కిలోమీటర్లకు పైనే దూరంలో, కొత్త రాజధాని కోసం వేసిన వెడల్పాటి రోడ్ల పక్కన. రాత్రి ఏడింటికి మొదలయ్యే టీ20 ముగిసేసరికి పదిన్నర దాటుతుంది. గుఢియారీ నుంచి సచిన్‌ను చూడటానికి బైకు మీద వెళ్లిన కుర్రాడు ఆ వేళ మళ్లీ ఆ దూరమంతా నడుపుకుంటూ ఇంటికి రావాలి. రోడ్డు భద్రత సందేశం ఎవరికి చేరాలో అతనే ఆ గ్యాలరీలో కూర్చుని ఉంటాడన్నమాట.

ఛత్తీస్‌గఢ్‌లో 2021లోనూ 2022లోనూ రోడ్డు ప్రమాదాలు ఐదు వేల మందికి పైగా ప్రాణాలు తీశాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద మృతులు 1,68,491 మంది. అందులో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. సీటు బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. టోర్నీ వల్ల ఈ అంకెలు తగ్గాలని ఎవరూ ఆశించరు. అయితే దేశమంతా మాట్లాడుకునేలా చేయడమే దాని లక్ష్యం కాబట్టి, మాట్లాడుకున్నారా అని మాత్రం అడగొచ్చు.

2021: చర్చ జరిగింది, వేరే విషయం మీద

ఈ సిరీస్ మొదట 2020 మార్చిలో ముంబయిలో మొదలైంది. నాలుగు మ్యాచ్‌లు కాగానే కరోనా వల్ల ఆగిపోయింది. మిగిలినవి ఏడాది తర్వాత రాయ్‌పూర్‌కు వచ్చాయి. సెహ్వాగ్, యువరాజ్, పఠాన్ సోదరులు, లారా, జయసూర్య ఆడారు. హైదరాబాద్ వైపు నుంచి ప్రజ్ఞాన్ ఓజా, నోయెల్ డేవిడ్ ఉన్నారు. ప్రేక్షకులను అనుమతించారు. గ్యాలరీల్లో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్న జనం టీవీల్లో కనిపించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అహ్మదాబాద్‌లో భారత్-ఇంగ్లాండ్ టీ20 సిరీస్ జరుగుతోంది. కేసులు పెరుగుతున్నాయని మార్చి 16న మూడో మ్యాచ్ నుంచి అక్కడ గేట్లు మూసేశారు. రాయ్‌పూర్ ఫైనల్ మార్చి 21న, ప్రేక్షకుల మధ్యే జరిగింది.

మార్చి 27న తనకు కరోనా సోకిందని సచిన్ ప్రకటించారు. అదే రోజు యూసుఫ్ పఠాన్, మర్నాడు బద్రీనాథ్, ఆ తర్వాత ఇర్ఫాన్ పఠాన్. ఏప్రిల్ 2న సచిన్ ఆసుపత్రిలో చేరారు. ఏప్రిల్ 9 సాయంత్రం నుంచి రాయ్‌పూర్ జిల్లా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. ఈ మ్యాచ్‌ల వల్లే కేసులు పెరిగాయని తేల్చి చెప్పడానికి ఆధారం లేదు. అప్పుడు దేశమంతటా రెండో వేవ్ విరుచుకుపడుతోంది. కానీ రాయ్‌పూర్ పేరు జాతీయ వార్తల్లో నలిగింది ఈ వరసలోనే. టోర్నీ పేరులోని రెండు మాటలు ఆ వార్తల్లో గుర్తింపు కోసం మిగిలాయి, విషయంగా కాదు.

ఇందులో నిర్వాహకుల చిత్తశుద్ధిని శంకించాల్సిన పని లేదు. తారను ముందు పెట్టినప్పుడు కెమెరా తార వెంటే వెళ్తుంది. ఆయన సిక్స్ కొడితే సిక్స్ వార్త, ఆయనకు జ్వరం వస్తే జ్వరం వార్త.

2022: మైదానం బయట జరిగింది

రెండో సీజన్ 2022 సెప్టెంబరు 10న కాన్పూర్‌లో మొదలై అక్టోబరు 1న రాయ్‌పూర్‌లో ముగిసింది. నమన్ ఓజా అజేయ శతకంతో ఇండియా లెజెండ్స్ మళ్లీ గెలిచింది. ఆ నెలలో దేశం రోడ్డు భద్రత గురించి నిజంగానే మాట్లాడుకుంది. ఇంటింటా, ఆఫీసుల్లో, క్యాబుల్లో. అయితే క్రికెట్ వల్ల కాదు.

సిరీస్‌కు ఆరు రోజుల ముందు, సెప్టెంబరు 4న, టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పాల్‌ఘర్ జిల్లాలో కారు ప్రమాదంలో మరణించారు. ఆయన వెనక సీట్లో ఉన్నారని, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. వెనక కూర్చున్నవారికీ బెల్టు తప్పనిసరి అన్న నిబంధన కేంద్ర మోటారు వాహన నియమాల్లో అప్పటికే ఉంది. చాలామందికి ఆ సంగతి తెలిసింది ఆ వారమే. రెండు రోజుల్లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ జరిమానాల గురించి ప్రకటన చేశారు. బెల్టు పెట్టకుండానే అలారం మోగకుండా చేసే క్లిప్పులు అమ్మొద్దని అమెజాన్‌ను కోరారు. సెప్టెంబరు 14 నుంచి దిల్లీ ట్రాఫిక్ పోలీసులు వెనక సీటు వారికి చలానాలు రాయడం మొదలుపెట్టారు.

అదే నెలలో ఆరు ఎయిర్‌బ్యాగుల కోసం ప్రభుత్వమే అక్షయ్ కుమార్‌తో ఒక ప్రకటన తీసింది. అత్తారింటికి వెళ్తున్న కూతురికి ఇచ్చిన కారులో రెండే ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని అక్షయ్ పాత్ర తండ్రికి ఎత్తిచూపడం అందులో కథ. కట్నాన్ని ప్రోత్సహిస్తున్నారని రచ్చ మొదలైంది. ఎయిర్‌బ్యాగులు పక్కకు పోయాయి.

మన దగ్గర దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటుంది. రోడ్డు ప్రమాదాల్లో అన్న జానకిరామ్‌ను, తండ్రి హరికృష్ణను పోగొట్టుకున్న జూనియర్ ఎన్టీఆర్, సినిమా వేడుకల చివర్లో అభిమానులను జాగ్రత్తగా ఇంటికి వెళ్లమని అడుగుతుంటారు. దానికి స్పాన్సర్ లేడు, కప్పు లేదు. చెప్పేది బండి ఎక్కబోతున్నవాళ్లకే, చెప్పేవాడి దుఃఖం ఏమిటో వాళ్లకు తెలుసు. ఎందరు విన్నారో లెక్క లేదు కానీ, మాటకూ మనిషికీ అతుకు కనిపించదు.

ఏది విరాళం, ఏది ప్రకటన?

'ఛారిటీ మ్యాచ్' అని మనం ఒకే మాటతో పిలిచేవాటిలో చాలా తేడాలున్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ధ్వంసం చేశాక, నవంబరు 30న తెలుగు సినీ పరిశ్రమ హైదరాబాద్‌లో 'మేము సైతం' నిర్వహించింది. హీరోలు జట్లుగా విడిపోయి క్రికెట్ ఆడారు, కబడ్డీ కూడా ఆడారు. బ్యాటింగ్ నాణ్యత గురించి మాట్లాడకపోవడమే మర్యాద. కానీ పోగైన మొత్తం 11 కోట్ల రూపాయలకు పైగా అని ప్రకటించారు. ఎవరి కోసమో అందరికీ తెలుసు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టిన నాటి నుంచి తెలుగువారికి ఈ పద్ధతి పరిచయమే.

బ్రిటన్‌లో 2006 నుంచి యూనిసెఫ్ కోసం జరుగుతున్న 'సాకర్ ఎయిడ్' కూడా ఇదే దారిలో నడుస్తుంది. సినీ తారలు, గాయకులు, మాజీ ఆటగాళ్లు కలిసి ఫుట్‌బాల్ ఆడుతుంటే చూసేవాళ్లు విరాళం పంపుతారు. ఎంత వచ్చిందో ఆ రాత్రే తెరమీద చెబుతారు. ఇప్పటివరకు పది కోట్ల పౌండ్లు దాటింది.

'అవగాహన' కోసం ఆడే ఆటకు ఇలాంటి తెర ఉండదు. ఎంత అవగాహన వచ్చిందో రాత్రి పదిన్నరకు ఎవరూ ప్రకటించలేరు. అందుకే అక్కడ స్పాన్సర్ లోగోకూ సందేశానికీ మధ్య గీత త్వరగా చెరిగిపోతుంది. ఆ గీత ఎక్కడుందో చట్టం కొంతవరకు చెప్పింది. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు తమ లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. రోడ్డు భద్రతపై అవగాహన కల్పించడం ఆ పద్దులోకి వస్తుందని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే స్పష్టం చేసింది. అదే సర్క్యులర్‌లో, మారథాన్‌లు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్ వంటి ఒకసారికి పరిమితమైన ఖర్చులు రావనీ చెప్పింది. 2021 జనవరి సవరణ ఇంకా సూటిగా ఉంది. సొంత ఉత్పత్తులకు మార్కెటింగ్ ప్రయోజనం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సామాజిక బాధ్యత కిందికి రాదు.

ఈ లెక్కన చూస్తే సెలబ్రిటీ క్రికెట్ లీగ్ నిజాయితీగా కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఆ లీగ్ సీజన్ రాయ్‌పూర్‌లోనే మొదలైంది. కేరళ స్ట్రైకర్స్‌పై తెలుగు వారియర్స్ కెప్టెన్ అఖిల్ అక్కినేని 30 బంతుల్లో 91 బాదారు. విశాఖ ఫైనల్లో ఆ జట్టే కప్పు గెలిచింది. వినోదం అమ్ముతున్నామన్నారు, అమ్మారు.

మరి రాయ్‌పూర్‌కు ఏం దక్కింది?

ఊరికి మాత్రం ప్రచారం దక్కింది. 2008లో ప్రారంభమైన ఈ స్టేడియానికి తొలి అంతర్జాతీయ వన్డే 2023 జనవరి 21న వచ్చింది. న్యూజీలాండ్ 108 పరుగులకే ఆలౌటైంది. లెజెండ్స్ మ్యాచ్‌లు దారి వేశాయని ఖాయంగా చెప్పలేం కానీ, జనాన్ని రప్పించగలమని ఆ మైదానం నిరూపించుకున్నది అప్పుడే. (అదే వారంలో గుఢియారీ మైదానంలో బాగేశ్వర్ ధామ్ ధీరేంద్ర శాస్త్రి కథ జరుగుతోంది. జాతీయ ఛానెళ్ల వ్యాన్లు ఎక్కువగా అటే నిలిచాయి.)

2018లో ఇదే స్టేడియంలో హాఫ్ మారథాన్‌కు వచ్చిన క్రీడాకారులకు కరెంటు లేదని తెలిసింది. 2009 నుంచి బిల్లు కట్టలేదు, బకాయి రూ.3.16 కోట్లు, కనెక్షన్ కోసేశారు. స్టేడియం నిర్వహణ ప్రజాపనుల శాఖదనీ, మిగతా ఖర్చు క్రీడా శాఖదనీ రెండు శాఖలూ ఒకదాని వైపు ఒకటి వేలు చూపించుకున్నాయి. ఆ తర్వాతే సచిన్ వచ్చారు, లారా వచ్చారు, రెండు ఫైనళ్లు జరిగాయి. 2023 డిసెంబరు 1న భారత్-ఆస్ట్రేలియా టీ20 నాటికి కూడా బిల్లు అలాగే ఉంది. తాత్కాలిక కనెక్షన్ గ్యాలరీలకు, బాక్సులకు సరిపోయింది. ఫ్లడ్‌లైట్లను జనరేటర్లతో వెలిగించారు. పరుగు పందెం వాళ్లు ఐదేళ్ల కిందటే చెప్పిన ఆ బకాయి, ఆస్ట్రేలియా జట్టు దిగిన రోజున దేశమంతటా పతాక శీర్షిక అయింది.