గది చూసి స్పీకరు, మాట విని స్పీకరు

ముండ్లమూరులాంటి ఊళ్లో పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న ముందుగది. పైన స్లాబు, కింద టైల్సు, గోడలకు సున్నం. ఆ గదిలో సాయంత్రం పూట కూర్చుని పాటలు వినడానికి ఒక జత చిన్న స్పీకర్లు కొనాలి. దుకాణాల్లో వీటిని బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అంటున్నారు. ఏం చూసి కొనాలి? ఎలా అమర్చుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా గదిని ఎందుకు కొలవాలి?

మనం వినేది స్పీకరును ఒక్కదాన్నే కాదు, గదిని కూడా. స్పీకరు నుంచి నేరుగా చెవికి చేరే శబ్దం కొంత. గోడలకు, నేలకు, స్లాబుకు తగిలి తిరిగొచ్చే శబ్దం ఇంకొంత. చిన్న గదుల్లో ఈ రెండో వాటా తక్కువేమీ కాదు.

శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. మన ఎండాకాలంలో ఇంకాస్త వేగం, 35 డిగ్రీల వేడిలో దాదాపు 352 మీటర్లు. పన్నెండడుగులంటే 3.66 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా సగం అల పట్టే స్వరం దగ్గర గది తానే మోగడం మొదలుపెడుతుంది. లెక్క వేస్తే పన్నెండడుగులకు అది 47 హెర్ట్జ్‌ల దగ్గర, పదడుగులకు 56 హెర్ట్జ్‌ల దగ్గర వస్తుంది. స్లాబు ఎత్తు కూడా పదడుగులే అయితే 56 దగ్గర రెండు మోతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. డప్పు, మృదంగం తొప్పి, బేస్ గిటారు మోగినప్పుడు కొన్ని స్వరాలు గుబగుబలాడి మరికొన్ని మాయమవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. మూలల్లో ఈ మోత మరీ ఎక్కువ. కావాలంటే పాట పెట్టి గది మూలకు వెళ్లి నిలబడండి, తేడా తెలుస్తుంది.

ఇంకో పరీక్ష ఉంది. ఖాళీ గదిలో గట్టిగా ఒక చప్పట కొట్టండి. వెంటనే ఆగిపోతే మంచి గది. సన్నగా గరగరలాడుతూ సాగితే గోడలు శబ్దాన్ని బంతిలా విసురుకుంటున్నాయన్న మాట. అటువంటి గదిలో ఎంత ఖరీదైన స్పీకరైనా పాటలోని మాటలు కలగాపులగమవుతాయి. మందు మన ఇళ్లలోనే ఉంది. దూది పరుపు వేసిన మంచం, గోడవారగా మడిచి పెట్టిన బొంతలు, కిటికీకి దళసరి గుడ్డ, నేల మీద జంపఖానా, పుస్తకాల అలమర, వీటన్నిటికీ సన్నని శబ్దాన్ని పీల్చుకునే గుణం ఉంది. కింది స్థాయి మోతను మాత్రం ఇవి ఆపలేవు. అది స్పీకరును ఎక్కడ పెట్టామన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఎన్ని వాట్లు కావాలి?

మన ప్రాంతంలో సౌండ్ బాక్సు అనగానే తిరునాళ్ల గుర్తొస్తుంది. శివరాత్రికి కోటప్పకొండకు కదిలే ప్రభల మీద, చవితి ఊరేగింపుల్లో, పెళ్లిళ్లలో మనం చూసే బాక్సులు ఆరుబయట వందలాది మందికి వినిపించడానికి చేసినవి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న మనిషికి, అరవై నాలుగు అడుగుల దూరంలో ఉన్న మనిషికి 18 డెసిబెల్స్ తేడా. ఆ తేడా పూడ్చాలంటే అరవై రెట్లకు పైగా వాట్లు కావాలి. అందుకే వాళ్లకు అన్నేసి బాక్సులు. మనం ఇంట్లో ఎనిమిది అడుగుల లోపే కూర్చుంటాం. తిరునాళ్ల లెక్క ఇంటికి పనికిరాదు.

మరి ఇంటి లెక్క ఎలా? స్పీకరు వెనకో, కాగితం మీదో సెన్సిటివిటీ అని రాసి ఉంటుంది. ఒక్క వాటు కరెంటిస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో ఆ అంకె చెబుతుంది. చిన్న స్పీకర్లకు అది సాధారణంగా 84 నుంచి 88 వరకు ఉంటుంది. 86 ఉన్న జత తీసుకుంటే, ఎనిమిది అడుగుల దూరంలో ఒక్కో వాటుకే సుమారు 80 డెసిబెల్స్ దాకా వినిపిస్తుంది. మనుషులు మామూలుగా మాట్లాడుకునేది 60, 65. ఒక్క వాటుతోనే గది నిండుతుంది. తబలా దెబ్బ, తాళం చప్పుడు ఒక్కసారిగా లేచే క్షణాలకు పదింతలు, ఇరవై ఇంతలు నిల్వ కావాలి కాబట్టి 30 నుంచి 50 వాట్ల ఆంప్లిఫయర్ ఇలాంటి గదికి సరిపోతుంది.

ఇక్కడ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే పదింతల వాట్లు కావాలి. అందుకని 50 వాట్లకు, 100 వాట్లకు వినికిడిలో ఉన్న తేడా చాలా స్వల్పం. రెండో మాట, అట్టపెట్టె మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ వాట్లు) అంకెను నమ్మకండి. ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే వాట్లు) అని రాసిన అంకె ఒక్కటే చూడండి. ఆర్ఎంఎస్ రాయని పెట్టెను పక్కన పెట్టేయండి.

చిన్న పెట్టెలోంచి బేస్ ఎలా వస్తుంది? ఎంతవరకు వస్తుంది?

ఈ రోజు మనం వాడే కాగితపు శంకువు, తీగచుట్ట, అయస్కాంతం కలిసిన స్పీకరు నమూనాను అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో ప్రచురించారు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా మంచి బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె కావలసి వచ్చేది. 1954లో ఎడ్గార్ విల్చర్ ఒక ఉపాయం చేశాడు. పెట్టెను గాలి చొరబడకుండా మూసేసి, లోపల చిక్కిన గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. శంకువు వెనక్కి వెళితే గాలి దాన్ని ముందుకు నెడుతుంది, ముందుకు వస్తే వెనక్కి లాగుతుంది. పెట్టె చిన్నదైంది, బేస్ మిగిలింది. అలమరలో పట్టే స్పీకర్లకు దారి పడింది అక్కడే.

అయితే ఊరికే ఏదీ రాదు. విల్చర్ దారిలోనే నడిచిన జె. ఆంటన్ హాఫ్‌మన్ చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ ఇనుప సూత్రం అంటారు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకే ఎక్కువ మోత, ఈ మూడింటిలో ఏవైనా రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవలసిందే. కాబట్టి అరచేతి పెట్టెలో పిడుగులు పడతాయని ఎవరైనా అంటే ఆ మాట నమ్మనవసరం లేదు.

కొన్ని పెట్టెలు పూర్తిగా మూసి ఉంటాయి. కొన్నింటికి వెనకో ముందో గొట్టం రంధ్రం ఉంటుంది. రంధ్రం ఉన్నవాటిలో బేస్ ఎక్కువ, కానీ వెనక రంధ్రాన్ని గోడకు ఆనిస్తే అది గుబగుబగా మారుతుంది. మీ గదిలో స్పీకరును గోడకు అడుగు దూరమైనా జరపడం కుదరదనుకుంటే మూసిన పెట్టెనో, ముందు రంధ్రమున్న పెట్టెనో ఎంచుకోండి. పది పన్నెండడుగుల గదికి అయిదంగుళాల వూఫర్ (బేస్ పలికే పెద్ద శంకువు) చాలు. పద్నాలుగు పదహారడుగుల హాలైతే ఆరు, ఆరున్నర అంగుళాలది మేలు.

వినేటప్పుడు ఏం వినాలి?

దుకాణంలో వాళ్లు పెట్టే పాట వినకండి. మీకు కంఠతా వచ్చిన పాటను మీరే తీసుకెళ్లండి. మనం కొనేది ఎక్కువగా పాటలోని గొంతు వినడానికి. గొంతు సరిగ్గా పలికే స్పీకరులో మిగతావి కూడా దాదాపు సరిగ్గానే ఉంటాయి. గొంతు దగ్గర తప్పిన స్పీకరును ఏ బేసూ కాపాడలేదు.

ఇంగ్లండులో బీబీసీ ఇంజనీర్లు 1970లలో తమ ప్రసార వ్యాన్ల కోసం ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరు తయారుచేశారు. ఇరుకు వ్యానులో కూర్చున్నవాళ్లకు మనిషి మాట ఉన్నది ఉన్నట్టు వినిపించాలన్నది వాళ్ల అవసరం. ఎత్తు పన్నెండంగుళాలు, వూఫర్ అయిదంగుళాలు. బేస్ తక్కువే. యాభై ఏళ్లు గడిచినా దాని పేరు నిలిచింది మాట తేటదనం వల్లే.

తెలుగువాడికి ఇంతకంటే మంచి పరీక్ష మన అక్షరాల్లోనే ఉంది. ‘స’ పలికినప్పుడు పళ్ల మధ్య నుంచి వచ్చే బుస ఎక్కువగా 5 వేల హెర్ట్జ్‌ల పైన ఉంటుంది. ‘ష’ బుస అంతకంటే కింద, 2 వేల నుంచి 4 వేల మధ్య మొదలవుతుంది. చిన్న స్పీకర్లలో వూఫర్ పని ముగిసి, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్ పని మొదలయ్యే అతుకు కూడా సాధారణంగా 2 వేలు, 3 వేల మధ్యే పడుతుంది. అతుకు సరిగ్గా కుదరకపోతే మొదట చెడేది ఈ అక్షరాలే. సుశీల, శేషాచలం, విశేషం లాంటి మాటల్లో శ, ష, స దేనికది విడిగా వినిపిస్తోందా? స వచ్చినచోటల్లా చెవిలో సూది గుచ్చినట్టుందా? ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి చాలు.

రెండో పరీక్ష పద్యం. రంగస్థల పద్యాల్లో చివరి రాగాలాపన ఒకే ఊపిరిలో మెల్లగా మొదలై తారస్థాయికి ఎక్కుతుంది. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు గార్ల రికార్డుల్లాంటివి దీనికి తగినవి. గొంతు పైకి లేచేకొద్దీ స్పీకరు కీచుమంటోందా, పక్కన హార్మోనియం శ్రుతి విడిగా నిలుస్తోందా అన్నది గమనించండి.

మూడో పరీక్ష పాత సినిమా పాట. ఘంటసాల గారు (1922–1974) పాడిన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోలో రికార్డయినవి. అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. అవి సరిగ్గా ఉంటే గొంతు రెండింటి నడుమ, ఖాళీ స్థలంలో మనిషి నిలబడినట్టు వినిపించాలి. ఒక పక్కకు జరిగితే అమరికలో తేడా. ఎక్కడా నిలవకుండా గదంతా చెదిరిపోతే ఒక స్పీకరుకు తీగలు తిరగబడ్డాయి.

ఎక్కడ పెట్టాలి?

పేరు బుక్‌షెల్ఫ్ అయినా, గోడ అలమరలోకి తోసేస్తే వీటి గొంతు నొక్కినట్టే. మన ఇళ్లలో ఎక్కువమంది అటక మీదో, తలుపు పైనున్న గూట్లోనో పెడతారు. ట్వీటరు శబ్దం టార్చిలైటు వెలుగులా సూటిగా పోతుంది కాబట్టి అది తల మీదుగా వెళ్లిపోతుంది. ట్వీటర్ మీ చెవి ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుని వినేవాళ్లకు సుమారు మూడడుగుల పైచిలుకు, చాప మీద కూర్చుని వినేవాళ్లకు రెండున్నర అడుగులు. స్పీకర్ల మధ్య ఆరడుగులు, ఒక్కో స్పీకరుకు మీకు ఆరేడు అడుగులు, ఇలా మూడు వైపులా సమానంగా వచ్చేలా చూడండి. మూలల నుంచి రెండడుగులైనా ఇవతలకు జరపండి.

దేని మీద పెట్టామన్నది కూడా ముఖ్యమే. 2024 డిసెంబరులో మూడు రోజులు వరసగా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కంపించింది. కొద్ది సెకన్లే అయినా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. అయిదారు కిలోల పెట్టెను బీరువా మీద, మనుషులు పడుకునే చోట తలల పైన నిలబెట్టకూడదని ఆ మూడు రోజులు మనకు చెప్పాయి. స్పీకరు కూడా చిన్న ఎత్తున భూకంపం చేసే పనే చేస్తుంది. శంకువు కదిలితే పెట్టె కదులుతుంది, పెట్టె కదిలితే పలచని రేకు బల్ల తానూ మోగుతుంది. బరువైన, అదరని పీట కావాలి. ఆ విషయంలో మన ప్రాంతం గొప్పది. మార్కాపురం పలక రాయికి కంపనాన్ని అణచే గుణం ఉంది, విదేశాల్లో గ్రామఫోను రికార్డు ప్లేయర్ల పీటలను పలక రాతితో చేసుకునేవాళ్లున్నారు. మందపాటి పలక రాయో, గ్రానైటు ముక్కో, కింద నాలుగు రబ్బరు బిళ్లలు, అంతే ఖర్చు.

తీగలు, కరెంటు, దుమ్ము సంగతేమిటి?

ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ స్పీకర్లకు నిక్షేపంగా పనికొస్తుంది. అయిదు మీటర్లు లాగితే రానూపోనూ కలిపి దాని నిరోధం 0.12 ఓమ్. స్పీకరు 8 ఓమ్‌ల ముందు అది లెక్కలోకి రాదు. వేలు పోసి తీగలు కొనకండి. ఎర్రటి కొస ఎర్రదానికి, నల్లటిది నల్లదానికి తగిలించండి. అనుమానముంటే, ఆంప్లిఫయరుకు తగిలించకముందే 1.5 వోల్టుల బ్యాటరీని స్పీకరుకు ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ధన ధ్రువం ఎర్రదానికి తగిలినప్పుడు వూఫర్ ముందుకు ఉబకాలి.

8 ఓమ్‌ల స్పీకరు ఆంప్లిఫయరుకు సులువు. 4 ఓమ్‌లది రెండింతల కరెంటు లాగుతుంది. ఎండాకాలంలో గదే నలభై డిగ్రీల దగ్గరుంటుంది కాబట్టి, 4 ఓమ్‌లకు తగునని ఆంప్లిఫయరు వెనక రాసి లేకపోతే జత చేయకండి. వోల్టేజీ నిలకడ లేని ఊళ్లో స్టెబిలైజరు కూడా ఖర్చులో రాసుకోండి.

వూఫర్ అంచు ఫోముతో ఉందా, రబ్బరుతో ఉందా అడగండి. ఫోము అంచు కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరుది చాలాకాలం నిలుస్తుంది. పాత జత కొనేవాళ్లు వేలితో మెల్లగా నొక్కి చూడాల్సింది ఈ అంచునే. ముందు వలను తీసేయకండి, దుమ్ముకు, బల్లులకు, పిల్లల వేళ్లకు అదే కాపలా.

చివరగా, ఏ వరుసలో కొనాలి?

గది కొలవండి. చప్పట కొట్టి చూసి, బొంతో దుప్పటో గుడ్డో అమర్చండి. ఆ తర్వాత అయిదంగుళాల వూఫర్, రబ్బరు అంచు, 8 ఓమ్‌లు ఉన్న రెండు మూడు జతలు ఎంచి, ఒంగోలో గుంటూరో వెళ్లి మీ పాటతో, మీ పద్యంతో వినండి. ఆన్‌లైనులో కొంటే తిరిగి ఇచ్చే గడువు ఉన్నచోటే కొని, ఆ గడువు లోపల మీ గదిలోనే ఈ పరీక్షలన్నీ చేయండి. సొమ్ములో పెద్ద వాటా స్పీకర్లకు, ఆ తర్వాతి వాటా ఆంప్లిఫయరుకు, చివరి చిల్లర తీగలకు. ఇంట్లో పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టి వినిపించండి. వయసుతో చెవి మందగించినవాళ్లకు పాటలో ప్రతి మాటా అర్థమైందంటే, ఆ జతను తెచ్చుకోండి.