మీకు తెలుసా? నేల మారితే కాలూ మారుతుంది

తారురోడ్డు దిగి గడ్డి మీద పరుగు అందుకుంటే, పడిన తొలి అడుగులోనే కాలు తన బిగువును మార్చుకుంటుంది! నేల గట్టిగా ఉంటే కాలు మెత్తగా వంగుతుంది, మెత్తగా ఉంటే బిగుసుకుంటుంది. ఈ సర్దుబాటుకు ఒక్క అడుగు చాలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ పరిశోధకులు 1999లో చూపారు. అందుకే నేల మారినా పరుగు లయ తప్పదు.

అలాగని మెత్తటి నేలలన్నీ ఒకటి కావు. విశాఖ బీచ్ రోడ్డు పక్కనే ఉన్న పొడి ఇసుకలోకి దిగితే మడమ కూరుకుపోతుంది; వేళ్లతో నేలను తన్నిన బలంలో కొంత ఇసుకను పక్కకు నెట్టడానికే పోతుంది. గట్టి నేలతో పోలిస్తే ఇసుకలో పరుగుకు సుమారు 1.6 రెట్ల శక్తి కావాలని 1998లో బెల్జియం శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అక్కడి ఆర్కే బీచ్‌లో కాసేపు పరుగెత్తగానే పిక్కలు పట్టేసేది ఇందుకే.

పచ్చిక అంతగా అలుపు తెప్పించదు. వేగానికీ అడ్డు కాదు.

1962 జనవరి 27న న్యూజిలాండ్‌లోని వాంగనూయిలో పీటర్ స్నెల్ మైలు పరుగును 3 నిమిషాల 54.4 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఆయన పరుగెత్తింది గడ్డి ట్రాక్ మీదే.