బెల్టు కుట్టు ఊడితే పారేయకండి
మన బెల్టులకు కుట్లు ఊడేది ఎక్కువగా బకిల్ దగ్గరే. మిషన్ కుట్టులో ఒక్క దారం తెగితే పక్క కుట్లూ వదులైపోతాయి. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర చెప్పులు కుట్టే తాత నాకు చేతికుట్టు చూపించాడు. ఒకే దారం, రెండు కొసలకు రెండు సూదులు. ఆరెతో పొడిచిన ప్రతి బెజ్జంలోంచి రెండూ ఎదురెదురుగా దూరాలి. ఒక పక్క అరిగి తెగినా రెండో పక్క పట్టుకునే ఉంటుంది. ప్రతిసారీ ఒకే సూదిని ముందు దూరిస్తే కుట్లన్నీ ఒకే తీరుగా పడతాయి. బెజ్జాల కొలతకు జామెట్రీ బాక్సులో డివైడరు చాలు (లెక్కల సారు ఏమనరులే!).

పువ్వులు అద్దాలంటే తంగేడు చెక్కతో పదును చేసిన తోలు కావాలి. తడిపి నొక్కితే అచ్చు నిలుస్తుంది, క్రోం తోలు మీద నిలవదు. దారానికి తేనెమైనం రుద్దాలి. అది మనూళ్లల్లో దొరికేదే, సెలవులకెళ్లినోళ్లు కాస్త తెండి.